తెలియంది ఏదిరా?

మా రోజుల్లో శ్రేఢుల పాఠం పదో తరగతి లెక్కల పేపర్ ఒకటిలో ఉండేది. ప్రతిసారీ ఒకే సంఖ్య కలుస్తూనో తగ్గుతూనో సాగే వరసని అంకశ్రేఢి అంటారు. అంతవరకు చూస్తే గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రాలు రెండే. వరసలోని ఒక్కో సంఖ్య ఒక పదం, పక్కపక్క పదాల మధ్య తేడా పదాంతరం. మొదటి పదం ఎ, పదాంతరం డి అయితే ఎన్‌వ పదం ఎ + (ఎన్ − 1)డి. మొత్తం కావాలంటే మొదటి పదాన్నీ చివరి పదాన్నీ కూడి, సగం చేసి, పదాల సంఖ్యతో గుణించాలి. ఈ రెండూ అందరికీ ఇట్టే నోటికి వచ్చేసేవి. చిక్కంతా మాటల్లో ఇచ్చే లెక్కల దగ్గరే. "ఒక గుమాస్తాకు నాలుగో ఏట..." అని మొదలయ్యేసరికి సూత్రం గడగడా అప్పజెప్పినవాళ్ళు కూడా పెన్ను పట్టుకుని అలా ఉండిపోయేవారు. పబ్లిక్ పరీక్షల టెన్షన్ ఒకటి పైన.

మన బడి లెక్కల మాస్టారు ఆ చిక్కు విప్పిన తీరు గురించి పాత విద్యార్థుల ఈ సంచికలో రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఆయన దగ్గర మేం నేర్చుకున్నది ముఖ్యంగా లెక్కను చదవడం. సమస్య బోర్డు మీద రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టేసేవారు. "తెలియంది ఏదిరా? ముందు అది చెప్పు" అనేవారు. తెలియనిదానికి పేరు పెట్టేదాకా సుద్దముక్క మళ్ళీ చేతిలోకి తీసుకునేవారు కాదు. పేరు పెట్టాక ఒక్కో వాక్యం చదివించి, దాని కింద ఒక్కో సమీకరణం రాయించేవారు. వాక్యం అయిపోయాక సమీకరణం రాకపోతే "ఇంకోసారి చదువమ్మా" అనడమే తప్ప విసుక్కోవడం నేను చూడలేదు.

ఆ సూత్రంలో ఎన్ నుంచి ఒకటి ఎందుకు తీసేయాలో ఆయన చెప్పాకే నాకు మనసుకి ఎక్కింది. కిటికీలోంచి కాలవగట్టు మీది కరెంటు స్తంభాలు చూపించి, మొదటి స్తంభం నుంచి పదో స్తంభం దాకా మధ్యలో ఖాళీలు ఎన్నో లెక్కపెట్టమన్నారు. తొమ్మిది. పదో పదానికి చేరాలంటే పదాంతరం తొమ్మిదిసార్లే కలుస్తుంది. ఇదే విషయం తిరగేసి ఇంకో లెక్కలో అడిగేవారు: మూడంకెల సంఖ్యల్లో ఏడుతో భాగించబడేవి ఎన్ని? మొదటిది 105, చివరిది 994. తేడా 889, దాన్ని ఏడుతో భాగిస్తే 127. క్లాసులో సగం అక్కడే ఆగిపోయేది. 127 ఖాళీలు, 128 స్తంభాలు. జవాబు 128.

గుమాస్తా లెక్కకీ ఇదే దారి. ఏటా ఒకే మొత్తం ఇంక్రిమెంటు. నాలుగో ఏట జీతం 9,200, తొమ్మిదో ఏట 11,700. మొదటి జీతం ఎంత? రెండు వాక్యాలు, రెండు సమీకరణాలు: ఎ + 3డి = 9,200; ఎ + 8డి = 11,700. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే 5డి = 2,500, అంటే డి 500, ఎ 7,700. బీజగణితం ఇంతే.

నేను ఎన్నటికీ మరిచిపోలేని లెక్క మాత్రం ధాన్యం బస్తాలది. మిల్లులో 105 బస్తాలు పేర్చారు. అడుగు వరసలో 15, దానిమీద 14, ఆ పైన 13, ఇలా తగ్గుతూ వెళ్ళాయి. వరసలు ఎన్ని? వరసల సంఖ్య ఎన్ అనుకుని మొత్తం కనుక్కునే సూత్రంలో పెడితే ఎన్ × (31 − ఎన్) = 210 వస్తుంది. సర్దితే ఎన్ స్క్వేర్ − 31 ఎన్ + 210 = 0. కారణాంకాలు విడదీస్తే రెండు జవాబులు: 10, 21.

పదో వరసలో 6 బస్తాలుంటాయి, సరిపోయింది. 21వ వరసలో మైనస్ 5 బస్తాలు! చాలాచోట్ల ఇక్కడ "రుణ సంఖ్య కాబట్టి తీసుకోం" అని ఒక గీత గీసి పక్క లెక్కకి వెళ్ళిపోతారు. మాస్టారు వెళ్ళనివ్వలేదు. "ఆ 21 ఎందుకొచ్చిందో చూడండి, ఊరికే రాదు" అన్నారు. 11వ వరస నుంచి రాయించారు: 5, 4, 3, 2, 1, సున్నా, మైనస్ 1, మైనస్ 2, మైనస్ 3, మైనస్ 4, మైనస్ 5. కూడితే సున్నా. మొదటి పది వరసల్లో 105, ఆ తరవాతి పదకొండింటిలో ఏమీ లేదు. సమీకరణం అబద్ధం చెప్పలేదు. దానికి మనం అంకెలు ఇచ్చాం, బస్తాల సంగతి చెప్పలేదు. ఏ జవాబు మిల్లులో నిలబడుతుందో తేల్చుకోవాల్సింది మనమే. ఈ ఒక్క లెక్కకి పీరియడ్ మొత్తం ఇచ్చారాయన. పరీక్షకి సిలబస్ మిగిలి ఉండగా అంత సమయం ఇవ్వడం ఎంత పెద్ద విషయమో ఇప్పుడు తెలుస్తోంది.

మూడు సంఖ్యలు అంకశ్రేఢిలో ఉన్నాయంటే వాటిని ఎ − డి, ఎ, ఎ + డి అని రాసుకోమనేవారు. మొత్తం 27 అంటే డి తనంతట తనే పోయి, నడిమి సంఖ్య 9 అని బయటపడుతుంది. లబ్ధం 648 అని కూడా ఇస్తే 81 − డి స్క్వేర్ = 72, డి 3. ఆ సంఖ్యలు 6, 9, 12. నడిమి పదం మీద ఆయనకి అంత మక్కువ. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతి అనే గణిత గ్రంథంలో శ్రేఢీ వ్యవహారం అనే శ్రేఢుల అధ్యాయం నుంచి ఒక లెక్క చెప్పారొకసారి. శత్రువు ఏనుగుల్ని పట్టుకోవడానికి బయల్దేరిన రాజు మొదటిరోజు 2 యోజనాలు నడిచాడు, రోజూ ఒకే లెక్కన పెంచుతూ ఏడు రోజుల్లో 80 యోజనాలు వెళ్ళాడు. రోజుకి ఎంత పెంచాడు? ఏడు రోజుల్లో నడిమిది నాలుగోరోజు. ఆరోజు నడక 80లో ఏడో వంతు. మొదటిరోజు నుంచి అక్కడికి మూడు ఖాళీలు. కాబట్టి 2 + 3డి = 80/7, డి = 22/7. వృత్తాల పాఠంలో చూసిన 22/7 రాజుగారి నడకలో కనిపించేసరికి క్లాసంతా ఒక్కసారి గోలగోల.

మన గోదావరి వాళ్ళకి ఈ పాఠం పరాయిది కాదని కూడా ఆయనే చెప్పారు. మహావీరాచార్యుడనే గణితవేత్త సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి కాలంవాడంటారు. మహావీరాచార్యుడి పుస్తకంలో శ్రేఢుల లెక్కలు బోలెడు.

నేను బ్యాంకులో పనిచేస్తున్నాను. లక్షా ఇరవైవేల అప్పు, నెలకి నూటికి రూపాయి వడ్డీ, నెలనెలా పదివేలు అసలు కట్టే పద్ధతి అయితే వడ్డీ మొదటి నెల 1,200, తరవాత 1,100, చివరికి 100. మొత్తం వడ్డీ ఎంతవుతుంది బాబూ అని అడిగే రైతుకి కంప్యూటర్ తెరవకుండానే 7,800 అని చెప్పగలను: 1,300లో సగం 650, పన్నెండు నెలలు. నెలనెలా కట్టే మొత్తమే సమానంగా ఉండే ఈఎంఐకి మాత్రం ఇది పనిచేయదు, అందులో వడ్డీ ఇలా సమానంగా తగ్గదు. ఆ తేడా వివరించి చెప్పడానికి ఇంకో రెండు నిమిషాలు తీసుకుంటాను, ఎదుటివాళ్ళకి అర్థమయ్యేదాకా.

మాస్టారు బోర్డు మీద సొంతంగా కట్టి ఇచ్చిన ఇలాంటి లెక్కలు మన నోట్సుల్లో ఎన్నో ఉండాలి. నా దగ్గర ఉన్నవి తిరగరాయడం మొదలుపెట్టాను. మీ అటకల మీద పాత నోట్సులుంటే, ఏ బ్యాచ్ వాళ్ళయినా సరే, ఆ పేజీలు ఫోటో తీసి సంచిక కమిటీకి పంపండి. అన్నీ కలిపి ఒక చిన్న పుస్తకంగా అచ్చువేసి, ఈ ఏడాది పదో తరగతి పిల్లలకి శ్రేఢుల పాఠం మొదలయ్యేలోపు అందిద్దాం. అచ్చు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.