ఎడమ మోకాలు, అమ్మ టేపు, క్లే థాంప్సన్

2021 సంక్రాంతి బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో రిబౌండ్ కోసం, అంటే రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతి కోసం, ఎగిరి దిగేటప్పుడు నా ఎడమ మోకాలు లోపలికి వాలిపోయింది. టక్కుమని శబ్దం. పక్కన ఉన్నవాడికి కూడా వినిపించిందట. నొప్పి తెలిసేలోపే భయం వేసింది, ఎందుకంటే ఏడాదిన్నర ముందు ఇలాగే ఒకతని మోకాలు పోవడం తెల్లారకట్ల లేచి లైవ్‌లో చూశాను.

అతను క్లే థాంప్సన్, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు. 2019 ఫైనల్స్ ఆరో మ్యాచ్, టొరంటో రాప్టర్స్ మీద. డంక్‌కి, అంటే ఎగిరి బంతిని రింగులో కుక్కడానికి వెళ్లి, గాల్లో ఫౌల్ తగిలి, ఎడమ కాలి మీద వంకరగా దిగాడు. లోపలికి తీసుకెళ్తుంటే దారి మధ్యలోంచి వెనక్కి వచ్చేశాడు. ఆ ఫౌల్‌కి దక్కిన ఫ్రీ త్రోలు వేయకుండా వెళ్లిపోతే ఆ మ్యాచ్‌లో మళ్లీ ఆడనివ్వరు, రూల్ అది. వచ్చి రెండూ వేశాడు, రెండూ పడ్డాయి. ఆ రాత్రికి అతని లెక్క 30 పాయింట్లు. ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంటు, తెగిన కాలితో నిలబడి వేశాడని తర్వాత తెలిసింది.

నన్ను మొదట చూసిన చోట బెణుకు అన్నారు. క్రేప్ బ్యాండేజీ, మాత్రలు, మూడు వారాల విశ్రాంతి. వాపు తగ్గింది, నడుస్తున్నాను, అంతా బాగుందనుకున్నాను. ఒకరోజు మెట్లు దిగుతుంటే మోకాలు నా మాట వినకుండా పక్కకి జారింది. రెండో డాక్టరు ఎమ్మారై రాయకముందే మోకాలిని కొంచెం వంచి, కింది ఎముకను ముందుకు లాగి చూశారు. సొరుగులా వచ్చేసింది. నాదీ ఏసీఎల్ తెగడమే. గాయమైన వెంటనే టక్కుమని శబ్దం వచ్చి, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బితే బెణుకు అన్న మాటతో ఇంటికి వెళ్లకండి, గట్టిగా అడగండి. నా ఆరు వారాలు అలా పోయాయి.

ఆరు వారాలకే అంత బాధ ఎందుకంటే, మా దగ్గర బాస్కెట్‌బాల్ ఆడి బతకడమంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకోవడమే. రైల్వే, బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్. రైల్వేలో వయసు 25 దాటకూడదు. నాకప్పుడు 23. మార్కుల్లో పెద్ద వాటా సర్టిఫికెట్లదే, వాటిలోనూ నోటిఫికేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండు సంవత్సరాలవి మాత్రమే లెక్కలోకి వస్తాయి. నేను మంచం మీద ఉన్నా సర్టిఫికెట్ పాతబడటం ఆగదు. క్లేకి గాయమైన కొద్ది వారాలకే వారియర్స్ ఐదేళ్లకి 190 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. అసూయతో చెప్పడం లేదు. గాయపడిన ఆటగాడి కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటే ఎంత ధైర్యమో, ఆ వార్త మళ్లీ చదువుతున్నప్పుడు అర్థమైంది.

మార్చి చివర్లో ఆపరేషన్. తొడ వెనక కండరం నుంచి తీసిన స్నాయువుని (టెండన్) మోకాలి లోపల, తెగిన దాని స్థానంలో అమర్చారు. తొమ్మిది నెలలు ఆట అనే మాటే ఎత్తొద్దన్నారు. ఎందుకో ఫిజియో అన్న విడమరిచి చెప్పాడు. కొత్తగా పెట్టిన ఆ ముక్కకి మొదట్లో రక్త ప్రసరణ ఉండదు, అది బలం కోల్పోయి, మెల్లగా లిగమెంటుగా మారుతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం రెండో, మూడో నెలలో. అప్పటికి నొప్పి పోతుంది, కుర్రాడికి బాగైపోయినట్టే ఉంటుంది, లోపల మాత్రం అది అన్నిటికంటే బలహీనంగా ఉండే సమయం అదే. "నొప్పి లేదని సంబరపడకు తమ్ముడూ" అని రోజూ అనేవాడు.

ఏప్రిల్ నాటికి కోవిడ్ సెకండ్ వేవ్. క్లినిక్ మూతపడింది, ఫిజియో వాట్సాప్ వీడియోలోకి వచ్చాడు. మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, మోకాలి వెనక భాగాన్ని మంచానికి ఆనించాలి, తొడ బిగించాలి, పది లెక్కపెట్టి వదలాలి. చూడటానికి ఏమీ లేదు. మొదటి వారం నా తొడ నా మాట అసలు వినలేదు, చూస్తూ బిగించమని ఎంత చెప్పినా కదలకుండా పడి ఉండేది. తొడ కొలవాలని ఫిజియో అంటే అమ్మ కుట్టుమిషన్ మీది టేపు తెచ్చింది. మోకాలి చిప్పకి పైన 15 సెంటీమీటర్ల దగ్గర సుద్దముక్కతో గీత గీసి, రెండు కాళ్లూ కొలిచింది. ఎడమది నాలుగు సెంటీమీటర్లు తక్కువ. ఏమీ అనకుండా, జాకెట్ కొలతలు రాసే నోట్‌బుక్‌లో చివరి పేజీలో రాసింది. ప్రతి ఆదివారం ఒక అంకె. మూడున్నర. మూడున్నర. మూడు. మళ్లీ మూడున్నర.

ఐదో నెలలో మోకాలు మళ్లీ ఉబ్బింది. ఏడ్చాను. క్లే గురించి అప్పుడే సరిగ్గా ఆలోచించాను. ఒకే క్వార్టర్‌లో 37 పాయింట్లు, 29 నిమిషాల్లో 60 పాయింట్లు కొట్టినవాడు. తండ్రి మైకల్ థాంప్సన్ 1978 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు, మొదటి పేరు. ఆట ఇంట్లోనే పుట్టినవాడు. మోకాలి రీహాబ్ అంతా చేసుకుని, రేపో మాపో కొత్త సీజన్ అనగా, 2020 నవంబర్‌లో కుడి కాలి అకిలిస్, అంటే మడమ వెనక స్నాయువు, తెగింది. అంటే మళ్లీ సున్నా నుంచి. అతని ఘనతలన్నీ అందరం చెప్పుకుంటాం. నాకు మాత్రం 2021 నవంబర్ నాటి ఒక దృశ్యం గుర్తుండిపోయింది. వారియర్స్ గెలిచారు, హాలు ఖాళీ అయింది, క్లే ఒక్కడే తలమీద టవల్ కప్పుకుని బెంచీ మీద అరగంటకు పైగా కూర్చుండిపోయాడు. ఆడటానికి అనుమతి ఇంకా రాలేదు. ఆ ఫొటో చూసి ఫోన్ పక్కన పెట్టి మళ్లీ వ్యాయామం మొదలుపెట్టాను.

2022 భోగికి నాలుగు రోజుల ముందు, సోమవారం పొద్దున క్లే తిరిగొచ్చాడు. 941 రోజుల తర్వాత, క్లీవ్‌లాండ్ మీద. అమ్మ కూడా నా పక్కనే కూర్చుని ఫోన్‌లో చూసింది. మధ్యలోంచి దూసుకెళ్లి డంక్ కొట్టగానే హాలంతా లేచింది. అమ్మ మాత్రం, "ఏ కాలి మీద దిగాడ్రా?" అంది. నేనూ అదే చూస్తున్నాను. 17 పాయింట్లు కొట్టాడు. ఆ ఏడాది జూన్‌లో వారియర్స్ మళ్లీ చాంపియన్లు.

ఆ వారంలోనే నా హాప్ టెస్ట్. ఒంటికాలి మీద ఎగిరి ఎంత దూరం దూకుతామో రెండు కాళ్లకీ కొలుస్తారు, ఎడమది కుడిదానిలో 90 శాతమైనా రావాలి. డాబా మీద సుద్దగీతలు, అమ్మ టేపు. 93 వచ్చింది. నోట్‌బుక్‌లో తొడ తేడా ఒక సెంటీమీటర్.

ఫిబ్రవరిలో ప్రాక్టీస్ మ్యాచ్‌కి అనుమతి ఇచ్చారు. మొదటి పది నిమిషాలు రింగు దగ్గరికే పోలేదు, బయట నుంచి పాస్‌లు ఇస్తూ గడిపాను. తర్వాత ఒక షాట్ రింగు వెనక అంచుకి తగిలి నా మీదికే వచ్చింది. ఆలోచించకుండా ఎగిరాను. రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి, ఫిజియో నేర్పినట్టే దిగాను. బంతి చేతిలోనే ఉంది. ఒక్క క్షణం ఆగి కిందికి, మోకాలి వైపు చూసుకున్నాను. "పాస్ ఇవ్వరా!" అని అవతలి నుంచి ఎవడో అరిచాడు. ఇచ్చేసి పరిగెత్తాను.