రెండు మీటర్ల దూరం: నా రేడియో అయోడిన్ అనుభవం

థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక బయాప్సీ రిపోర్టులో పాపిల్లరీ క్యాన్సర్ అని వచ్చింది. హైదరాబాద్‌లో డాక్టరుగారు "రేడియో అయోడిన్ ఇద్దామమ్మా, క్యాప్సూల్ మింగడమే" అన్నారు. అంటే రేడియేషన్ వెదజల్లే అయోడిన్. ఎంత తేలిగ్గా అనేశారో! రేడియేషన్ అనగానే నాకు చెర్నోబిల్ అణు ప్రమాదం గుర్తొచ్చింది. ఇంట్లో నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు మరి.

మింగడం నిజంగానే నిమిషం పని. దానికి ముందు నెలే నరకం. థైరాయిడ్ లేని లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర నాలుగు వారాలు ఆపేశారు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) 30 దాటితే గానీ మందు ఇవ్వరట. ఆ మాత్ర లేక, మే నెల ఖమ్మం ఎండల్లో నేను చలికి దుప్పటి కప్పుకుని కూర్చున్నానంటే నమ్మండి. చివరి రెండు వారాలు అయోడిన్ తక్కువున్న తిండి. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో అయోడైజ్డ్ ఉప్పు, చేపలు, రొయ్యలు వద్దని ఉంది. పాల ఊసే లేదు. నాలుగు రోజులు శుభ్రంగా పెరుగన్నం తిన్నాక వేరే పని మీద ఫోన్ చేస్తే, నర్సు "పాలు, పెరుగు కూడా వద్దు కదా మేడమ్" అంది. లెక్క మళ్లీ మొదటికొచ్చింది, అడ్మిషన్ వాయిదా పడింది. ఆ కాగితం రాసినవాళ్ల మీద కోపం ఇంకా పోలేదు.

పాలల్లో అయోడిన్ ఏంటా అని చదవబోతే మళ్లీ చెర్నోబిలే ఎదురైంది. 1986 ఏప్రిల్ 26న రియాక్టర్ పేలినప్పుడు బయటపడ్డవాటిలో అయోడిన్-131 ఒకటి. నాకు ఇవ్వబోయేదీ అదే! అది గడ్డి మీద పడింది, ఆవులు మేశాయి, ఆ పాలు పిల్లలు తాగారు. మామూలు అయోడిన్‌కీ దీనికీ తేడా థైరాయిడ్‌కి తెలీదు, ఏదొచ్చినా లాగేసుకుంటుంది. 2005 నాటికి బెలారస్, ఉక్రెయిన్, రష్యాల్లో అప్పటి పిల్లల్లో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి, చాలావాటి వెనక ఆ పాలే ఉన్నాయి. పోలండ్‌లో మాత్రం కోటి మందికి పైగా పిల్లలకు మామూలు అయోడిన్ తాగించారు, గ్రంథి కడుపు ముందే నింపేద్దామని. నా విషయంలో దానికి ఉల్టా. ఆపరేషన్ తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలను ఆకలితో మాడ్చి, అప్పుడు విషం పెట్టాలి. పెరుగు ఎందుకు వద్దన్నారో అప్పటికి బుర్రకెక్కింది.

ఈ అయోడిన్-131ను 1938లో అమెరికాలోని బర్క్‌లీలో సీబోర్గ్, లివింగుడ్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. తర్వాత సీబోర్గ్ తల్లికే ఇది మందుగా పనికొచ్చిందట. అది చదివిన రాత్రి కాస్త నిద్ర పట్టింది.

మందు రోజున సీసం డబ్బా తెచ్చారు. అంత బరువైన డబ్బాలో ఇంత చిన్న క్యాప్సూల్, 100 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే లెక్క). మింగగానే అందరూ బయటికి వెళ్లిపోయి తలుపు వేసేశారు. కాసేపటికి రేడియేషన్ సేఫ్టీ చూసే కుర్రాడు రేడియేషన్ కొలిచే మీటర్ పట్టుకుని వచ్చాడు. మీటరు దూరంలో నేల మీద టేపు అంటించి ఉంది. అక్కడ నిలబడి "160" అన్నాడు. అవి మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత), గంటకు. నా మొహం చూసి, ఇంకో మీటరు వెనక్కి జరిగి మీటర్ నావైపు తిప్పాడు. నలభై చూపిస్తోంది. "దూరం రెండింతలైతే నాలుగో వంతే మేడమ్. బాబు గురించి టెన్షన్ పడకండి, దూరం చూసుకోండి చాలు." అన్ని రోజుల్లో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆ అబ్బాయి ఒక్కడే.

ఇక చేయాల్సిన పని నీళ్లు తాగడం, నిమ్మ బిళ్లలు చప్పరించడం (లాలాజల గ్రంథులు దెబ్బ తినకుండా), ప్రతిసారీ రెండుసార్లు ఫ్లష్ చేయడం. అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది గానీ, ఒంట్లోంచి చాలా మటుకు రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. ఆ నీళ్లను డ్రైనేజీలోకి వదలరు, ట్యాంకుల్లో నిల్వ చేసి రేడియేషన్ తగ్గాక వదులుతారు. మూడో రోజు టేపు దగ్గర 22 వచ్చింది, ఇంటికి పంపేశారు.

మా అత్తగారు "బట్టలు తగలబెట్టాలా అమ్మా?" అని అడిగారు. అక్కర్లేదు, విడిగా ఉతికితే చాలు. స్కాన్‌లో మెడ దగ్గర చిన్న నల్ల చుక్క తప్ప అనుమానించాల్సింది ఏమీ లేదన్నారు.

చిన్నోడు రెండు వారాలు మా అమ్మ దగ్గరే ఉన్నాడు. గడువు దాటిన మర్నాడు అమ్మ వాణ్ణి తీసుకొచ్చింది. గేటు తీయగానే పరిగెత్తుకొచ్చాడు. నేను అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి వేశాను.