మా బాల్కనీలో వరి కుచ్చు, దాని మీద పంచాయితీ

ఈ పంచాయితీ నిన్న సాయంత్రమే తేలింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

పిచ్చుకలు తినడానికి వేలాడదీసే వరి కంకుల కుచ్చు సంపాదించడం ఏమంత కష్టం కాలేదు. సంక్రాంతికి మండపేట వెళ్ళినప్పుడు మావయ్య అల్లించి ఇచ్చాడు. హైదరాబాద్ తెచ్చి బాల్కనీ కొక్కేనికి జనపతాడుతో కట్టాను. పిచ్చుకల కంటే ముందు ఉడత దిగింది. తలకిందులుగా వేలాడుతూనే గింజను రెండు చేతులతో పట్టుకుని, పొట్టు ఒలిచి కింద పడేసేది. పోతూ పోతూ తాడు పీచు కూడా గూటికి లాక్కుపోయేది. తాడు తీసి జీఐ వైరు (ఇనుప తీగ) కట్టాను, సరిపోయింది.

అసలు గొడవ ఆ పొట్టుతో వచ్చింది. కింది ఫ్లాట్ ఆవిడ ఆరేసిన చీర మీద పడిందట. నాతో ఒక్క మాటంటే ఆ పూటే కుచ్చు కింద పొట్టు పడేలా పళ్ళెం పెట్టేవాణ్ణి. అబ్బే, ఫొటో తీసి అసోసియేషన్ గ్రూపులో పెట్టింది. దాని కింద ఇంకెవరో పావురాల రెట్టతో ఊపిరితిత్తుల జబ్బులొస్తాయని తగిలించారు. మీటింగులో అడుగు పెట్టగానే సెక్రటరీ గారు "రండి రండి, పావురాల సార్" అన్నారు. అందరూ నవ్వారు, మా ఆవిడతో సహా.

ఎండిన రెట్ట పొడిని ఏళ్ళ తరబడి పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు, నేను కాదనలేదు. కానీ పావురం నేల మీద ఏరుకు తినే పక్షి. ఊగే కంకిని పట్టుకుని వేలాడటం పిచ్చుకకీ, జీనువాయి అనే చిన్న గింజల పిట్టకీ వచ్చినట్టు దానికి రాదు. ఇదంతా చెబుతుంటే ఒకాయన ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాడు. మా బ్లాకుకి పావురాలు వచ్చేది మేడ మీద పుణ్యం కోసం బస్తాలకొద్దీ జొన్నలు పోసేవాళ్ళ వల్ల. ఆ పోసేది సెక్రటరీ గారి బావగారు. నోరెత్తినవాడు లేడు.

చివరికి కాగితం రాయించుకున్నారు: పళ్ళెం పెడతాను, రోజూ కడుగుతాను, పావురాలు వాలితే కుచ్చు తీసేస్తాను. బ్యాంకులో ఉద్యోగమంతా జనం చేత సంతకాలు పెట్టించినవాణ్ణి, నా చేతే పెట్టించారు!

మీరూ కట్టాలనుకుంటే పళ్ళెం ముందే పెట్టండి. మిగిలిన అన్నం వేయకండి, ఎలుకలు చేరతాయి. మట్టి మూకుడులో నీళ్ళు రోజూ మార్చండి, లేదంటే దోమలు. పిచ్చుక పిల్లలకి గింజల కంటే పురుగులు ముఖ్యం, అందుకని కుండీలకు మందు కొట్టకండి. అసోసియేషన్‌ని మాత్రం ముందుగా అడక్కండి, అడిగితే వద్దనే అంటారు.

నా కాగితం ఫొటో తీసి దాచుకున్నాను. వచ్చే మీటింగులో జొన్నల బస్తాల వాళ్ళ కాగితం ఏదని అడుగుతాను.