పెద్దమ్మ మంచం చుట్టూ ప్రార్థన

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటికి ఉత్తరం రాయనిదే మన బోర్డింగ్‌లో ఎవర్నీ ఆటకు వదిలేవారు కాదు. 1970ల్లో ఒంగోలు మిషన్ బోర్డింగ్‌లో ఉన్న మనందరికీ ఇది గుర్తుండే ఉంటుంది. వార్డెన్‌గారు మన ఉత్తరాలు చదివేవారు కాదు. "ఇంట్లో ముసలివాళ్ళ సంగతి అడిగావా?" అని మాత్రం ఒక్కొక్కణ్ణీ అడిగి, ఇన్‌లాండ్ లెటర్ చేతిలోంచి తీసుకునేవారు.

మా ఇంట్లో ఆ ముసలి మనిషి పెద్దమ్మ. నాన్న పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆయన అన్న చిన్న వయసులోనే పోయారు, పిల్లల్లేరు. ఆ తర్వాత పెద్దమ్మకు పక్షవాతం వచ్చి ఒక పక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్తామంటే నాన్న ఒప్పుకోలేదు. "వదిన ఈ ఇంటి మనిషి, ఇక్కడే ఉంటుంది" అన్నారు. అమ్మ ఆమెకు ఒళ్ళు తుడిచేది, వీపు పుండు పడకుండా మాటిమాటికీ ఒత్తిగిలించేది. సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుని, చారన్నం మెత్తగా పిసికి, వదినకు తినిపించాకే తన కంచం ముందు కూర్చునేవారు.

కుటుంబ ప్రార్థన ఆమె నులకమంచం చుట్టూనే జరిగేది. నాయనమ్మకు చదువు రాదు గానీ కీర్తనలన్నీ కంఠతా వచ్చు. ఆమె ఎత్తుకుంటే మేం అందుకునేవాళ్ళం. చివర్లో "పరలోకమందున్న మా తండ్రీ" అని అందరం మొదలుపెట్టగానే పెద్దమ్మ పెదాలు కదిలేవి. గొంతు రాదు, పెదాలు మాత్రం మాతో సమంగా చివరి ఆమేన్ దాకా వచ్చేవి. అది చూడాలని పిల్లలం కళ్ళు మూసుకోకుండా ఉండేవాళ్ళం. నాన్న చూసినా ఏమీ అనేవారు కాదు.

మా నాయనమ్మ వాళ్ళ తాత బకింగ్‌హామ్ కాలువ తవ్విన కూలీ. 1876–78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు కూడా. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళలో మా ముత్తాతల కుటుంబం ఉందని నాయనమ్మ చెప్పేది. అంతకు చాలా ముందే విశ్వాసంలోకి వచ్చిన ఎర్రగుంట్ల పేరయ్యగారు కూడా భార్యతో కలిసే బాప్తిస్మం తీసుకున్నారు. మన ప్రాంతంలో విశ్వాసం మొదటినుంచీ ఇంటిల్లిపాదిదీ. బైబిల్లో తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు కూడా ముందు అతని అవ్వ లోయినీ, తల్లి యునీకేనూ తలుచుకున్నాడు కదా!

అందుకే ఇప్పుడు కొన్ని ఇళ్ళు చూస్తే బాధేస్తుంది. ఉపవాస ప్రార్థనలకు తప్పకుండా వెళ్తారు, కానుకలు ధారాళంగా ఇస్తారు. తల్లిని మాత్రం కొడుకులు తలా మూడు నెలలని పంచుకుంటారు. గడువు తీరిన రోజునే ఆమె సంచీ ఆటోలో పెట్టేస్తారు. దేవుని సేవలో తీరిక లేదంటారు. దేవునికి అర్పించేశాం అనే సాకుతో అమ్మానాన్నలకు చెయ్యనివాళ్ళను యేసు ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. సిలువ మీద ప్రాణం పోతున్న వేళ కూడా తల్లిని శిష్యుడికి అప్పగించాడు ఆయన. ఇంతకంటే ఇంకేం చెప్పాలి!

మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్ళ అత్తగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. అల్లుడికి వీలు కాని రోజు తనే లాప్‌టాప్ పట్టుకుని ఆస్పత్రికి వెళ్తుంది, అక్కడి నుంచే పని చేస్తుంది. పెద్దమ్మను తను చూడలేదు. ఆ మంచం కబుర్లు మాత్రం వాళ్ళ నాయనమ్మ దగ్గర, అంటే మా అమ్మ దగ్గర, ఎన్నోసార్లు విన్నది. రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్‌లో ప్రార్థనకు కూర్చుంటే, అత్తగారి పక్కనే ఫోన్ నిలబెడుతుంది.

ఒక్క మాట అడగాలి. వార్డెన్‌గారు పోయాక ఆయన భార్య, మన అమ్మగారు, ఒంగోలులోనే ఒంటరిగా ఉంటున్నారు, పిల్లలు దూరదేశంలో ఉన్నారు. మన చేత అన్ని ఉత్తరాలు రాయించిన ఇల్లు అది. ఊళ్ళో ఉన్న మనం కొందరం నెలనెలా మూడో ఆదివారం వెళ్ళి ఆవిడతో భోంచేసి, మందులు తెచ్చిపెట్టి వస్తున్నాం. రాగలిగినవాళ్ళు ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గరికి రండి. కూర ఏదైనా తెచ్చినా సరే, ఆవిడకు కారం మాత్రం తగ్గించి చేయించండి.