టికెట్ మీద ఏడు గంటలు, గాల్లో నాలుగు కూడా లేవు

మా చెల్లెలు సింగపూర్‌లో ఉంటుంది. పోయిన ఏడాది అమ్మను తీసుకుని నెల్లూరు నుంచి బయల్దేరాను. అమ్మ విమానం ఎక్కడం అదే మొదలు, నేను మాత్రం అంతకుముందు ఒకసారి హైదరాబాద్ దాకా వెళ్లాను, అదీ ఒక ప్రయాణమేనా.

చెన్నైలో రాత్రి 11:30కి బయల్దేరి తెల్లారి 6:15కి దిగుతామని టికెట్లో ఉంటే, వేళ్ల మీద లెక్కేసి "దగ్గర దగ్గర ఏడు గంటలు కూర్చోవాలమ్మా" అనేశాను. మోకాళ్ల నొప్పుల మనిషి, ఇంక ఆరోజు నుంచి ఒకటే టెన్షన్. కాళ్లు చాపుకోవచ్చని ముందు సీట్లకు అదనంగా డబ్బులు కూడా కట్టాను.

తర్వాత చెల్లెలు ఫోన్‌లో నవ్వింది. "దిగే టైం ఇక్కడి గడియారం ప్రకారం వేస్తారన్నా, మీకంటే మేం రెండున్నర గంటలు ముందు." అంటే 6:15 మనకు 3:45. ఏడు కాదు, నాలుగుంపావు. అది కూడా ఇక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా, గాల్లో ఉండేది ఇంకా తక్కువ.

దుబాయ్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు మూడు గంటల్లో వెళ్లిపోతానని గొప్పలు చెప్పేవాడు, ఆ గుట్టు కూడా అప్పుడే తెలిసింది. చెన్నై నుంచి సింగపూర్‌కి నేరుగా సుమారు 2,900 కిలోమీటర్లు, దుబాయ్‌కీ ఇంచుమించు అంతే, ఒకటి తూర్పుకి, ఒకటి పడమటికి. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక, అందుకే వాడి టికెట్ మీద అంత తక్కువ కనపడేది.

వీసా ఉన్నా సరే, సింగపూర్ వాళ్ల అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల. ఇది ఉచితం, డబ్బులు అడిగే సైట్ల జోలికి పోవద్దు. నేను దిగే తేదీ దగ్గర ఎక్కే తేదీ వేసి మళ్లీ మొదట్నుంచి నింపాను, అర్ధరాత్రి దాటి దిగుతామన్న సంగతి తట్టలా.

అసలు నరకం రోడ్డు మీదే. సాయంత్రం నాలుగుకి కారెక్కితే గూడూరు, నాయుడుపేట, తడ అన్నీ హాయిగా దాటేశాం, రెడ్ హిల్స్ దగ్గరకొచ్చేసరికి బండి పాకడం మొదలుపెట్టింది. మీనంబాకం చేరేసరికి ఎనిమిదీ నలభై. రెండొందల కిలోమీటర్లు కూడా లేని దారికి నాలుగు గంటల నలభై నిమిషాలు!

విమానంలో పైలట్ మూడు గంటల నలభై నిమిషాలు అన్నాడు. బంగాళాఖాతం మీద పోతుంటే ఎదురుగా తెర మీద బొమ్మ విమానం కదలడం చూస్తూ అమ్మ నిద్రే పోలేదు. నాన్న కొనిచ్చిన హెచ్‌ఎంటీ వాచీ చేతికి ఉంది, షుగర్ మాత్ర దాని టైంకే. చాంగీలో గోడ మీద 6:20, ఆమె చేతి మీద 3:50, ముల్లు తిప్పుతానంటే చెయ్యి వెనక్కి లాక్కుంది. "నాకింకా తెల్లారలా, ఉండనీరా."

నెల తర్వాత తిరుగు టికెట్ చూపించాను, రాత్రి 8:30కి ఎక్కి 10:15కి చెన్నైలో దిగడం. మా వీధిలో అమ్మ ఇప్పటికీ ఒకటే చెబుతోంది, పోయేటప్పుడు ఏడు గంటలు పట్టింది, వచ్చేటప్పుడు గంటా ముప్పావులో తెచ్చి పడేశాడని.