పిడి మీద బొటనవేలు

పార్సిల్ వచ్చి నాలుగు రోజులైంది గానీ విప్పి చూసే తీరిక నిన్న రాత్రికి దొరికింది. ఆన్‌లైన్‌లో కొన్న పాత చిత్రిక, చెక్కని నున్నగా గీసే పనిముట్టు, స్టాన్లీ కంపెనీ నంబర్ 4, ఒళ్ళంతా పోత ఇనుము, జానెడు కన్నా కాస్త ఎక్కువ పొడవు. అమ్మినాయన ఆరు ఫోటోలు పెట్టాడు, ఆరూ పైనుంచి తీసినవే. పాత పనిముట్లు కొని కొని నాకు వచ్చిన జ్ఞానం ఏంటంటే ఫోటోలో ఉన్నది కాదు, లేనిది అడగాలి. చిత్రిక అడుగు భాగం చూపించాడా, బ్లేడు బయటికొచ్చే మూతి దగ్గర పగులుందా (పోత ఇనుము కదా, కింద పడితే అక్కడే చీలుతుంది, అతుకేసినా నమ్మలేం), బ్లేడులో గాడి నుంచి పదును దాకా ఇంకెంత మిగిలింది. ఇవన్నీ అడిగా, విసుక్కోకుండా ఫోటోలు పంపాడు పాపం. పిడి గురించి మాత్రం అడగలా.

విప్పి చూస్తే పిడి పైన వెనక్కి వంగి ఉండే కొమ్ము లేదు. విరిగి ఎన్నేళ్ళయిందో, విరిగిన చోటు కూడా చేతి రాపిడికి నున్నగా అయిపోయింది. వెంటనే ఫోన్ తీసి ఫోటోలు మళ్ళీ చూశా, పిడి కనపడే రెండింట్లోనూ ఆయన చెయ్యి దాని మీదే ఉంది, బొటనవేలు సరిగ్గా ఆ కొమ్ము ఉండాల్సిన చోట. ఎంత తెలివి చూడండి అని నాలో నేనే తిట్టుకుంటూ బ్లేడు, దాని మీద బిగించే చిప్ బ్రేకర్ అనే రేకు, రెండిటినీ నొక్కి పట్టే లీవర్ క్యాప్, స్క్రూలు ఊడదీసి వెనిగర్ తొట్టిలో పడేసి పడుకున్నా. బాడీ మాత్రం అందులో వెయ్యను, లోపలి నల్ల పూత లేచిపోతుందని భయం.

పొద్దున్నే మా ఆవిడ గొంతుతో మెలకువొచ్చింది, "ఏవండీ, ఆ తుప్పు తొట్టి తీస్తే నేను స్నానం చేస్తా." బాత్రూమంతా పులుపు వాసన. తీసి బ్రష్‌తో రుద్దితే తుప్పు నల్లటి బురదలా జారిపోయింది, వంటసోడా నీళ్ళలో ముంచి తుడిచి వెంటనే నూనె రాశా. ఇక్కడ బద్ధకిస్తే అంతే సంగతులు, శుభ్రమైన ఇనుము మీద కొత్త తుప్పు నిమిషాల్లో మొదలవుతుంది, ఒకసారి ఫోన్ వచ్చిందని అలాగే వదిలేసి వెళ్ళి తిరిగొచ్చేసరికి బ్లేడు నారింజ రంగులోకి తిరిగింది.

ఆ తర్వాత ఫ్రాగ్ పని. బ్లేడు వాలి కూర్చునే ఆ ఇనుప దిమ్మకి కప్ప అని పేరెందుకు పెట్టారో గానీ దాని వెనక ఒక ఇత్తడి చక్రం ఉంటుంది, బ్లేడుని పైకీ కిందకీ జరిపేది అదే. చిలుము పట్టి బిగుసుకుపోయింది. నూనె వేశా, వేడి చేశా, గుడ్డ చుట్టి పట్టకారుతో ఎడమవైపు తిప్పా, ఒక చుట్టు కదిలింది, హమ్మయ్య అనుకుని ఇంకా తిప్పా, మళ్ళీ బిగుసుకుంది. పక్కనే కూర్చుని చూస్తున్న మా అమ్మాయి, "నాన్నా, అది బయటికి రావట్లేదు, లోపలికి పోతోంది" అంది. చూస్తే నిజమే. అది ఎడమ మర! మామూలు నట్టుకి తిరగబడి ఉంటుంది, కుడికి తిప్పితే వెనక్కొచ్చి బ్లేడుని కిందికి తోస్తుంది. ఇది నాకు తెలిసిన సంగతే, ఇంతకుముందు రెండు చిత్రికలు విప్పాను కూడా, అయినా చేతికి ఉన్న అలవాటు ముందు తెలివి ఏం చేస్తుంది. ముప్పావు గంట సేపు నా చేతులతో నేనే బిగించా.

ఫ్రాగ్ తీశాక అది కూర్చునే చోటు వెనకాల మకిలి గీకితే అక్షరాలు బయటపడ్డాయి, మూడు పేటెంట్ తేదీలు, 1902లో రెండు, 1910లో ఒకటి. ఈ మూడూ కలిసి ఉన్నవి దాదాపు 1910 నుంచి 1924 మధ్య పోసినవి. అంటే వందేళ్ళు దాటింది. అసలు ఈ డిజైన్ ఇంకా పాతది, లెనార్డ్ బెయిలీ అనే ఆయనది, ఆయన పేటెంట్లు స్టాన్లీ వాళ్ళు 1869లో కొనుక్కున్నారు, ముందు భాగంలో పోతలోనే ఆయన పేరుంది. ఇవాళ కొత్తగా అమ్మే ఇనుప చిత్రికలు చాలావరకు ఇదే పద్ధతి.

అడుగు చదును చెయ్యడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, గాజు పలక మీద 80 నంబర్ శాండ్ పేపర్, అడుగు నిండా మార్కర్ గీతలు, గీతలు పోయేదాకా రుద్దడమే. బ్లేడు లోపలికి లాగి మామూలుగా బిగించే ఉంచాలి, ఆ బిగింపుకి బాడీ కాస్త వంగుతుంది కాబట్టి. ముందు కొస, వెనక కొస, మూతి ముందర తగిలితే చాలు, మూతి వెనకాల చిన్న పల్లం మిగిలింది, వదిలేశా. వీడియోల్లో అద్దంలా మెరిపించేవాళ్ళని చూస్తే నాకు జాలి, చెక్కకి అద్దంతో పనేంటి.

బ్లేడు 25 డిగ్రీల్లో సాన పట్టి చివర 30లో నాలుగు దెబ్బలు వేశా. చేతి మీద గీసి చూస్తే వెంట్రుకలు తెగొచ్చాయి. సంబరంగా చెక్క మీద పెట్టి తోశానా, రెండో తోపుకే మూతి మూసుకుపోయింది, పొట్టు మడతలు మడతలుగా లోపల కుక్కుకుపోయి పుల్లతో పొడిస్తే గానీ రాలా. మళ్ళీ పదును పెట్టా, మళ్ళీ అదే. నిన్నటి నుంచి తుప్పు మీద పడి కొట్టుకున్నా గానీ రోగం అక్కడ లేదు. చిప్ బ్రేకర్‌ని బ్లేడుకి బిగించి కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే రెండిటి మధ్య ఎడమ మూల సన్నగా వెలుగు గీత, వెంట్రుక కన్నా లావు లేదు. పొట్టు కొస అందులో దూరి ఇరుక్కుంటోంది, దాని వెనకొచ్చేదంతా మడత పడుతోంది. చిప్ బ్రేకర్ అంచుని రాయి మీద పెట్టి, వెనక కొస రాయి కన్నా కొంచెం కిందికి దించి రుద్దా, ముందంచే మొదట తగిలేలా. పది నిమిషాల పని. వెలుగు పోయింది. పదునుకి అర మిల్లీమీటరు వెనక్కి బిగించి తోస్తే ఈసారి చప్పుడే మారిపోయింది, గీరుతున్నట్టు కాకుండా స్స్ అని, పొట్టు ఉల్లిపొర లాగా పైకి లేచి నా మణికట్టు మీద పడింది.

అది చూపించాలని ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని కుడి చేత్తో చిత్రిక ఎత్తి ఫోటో తీసి తమ్ముడికి పంపా. కాసేపటికి వాడి మెసేజ్, "బాగుంది అన్నయ్యా, పిడి విరిగింది అన్నావు, ఎక్కడ?"

ఫోటో పెద్దది చేసి చూశా. నా బొటనవేలు సరిగ్గా అక్కడే ఉంది.