సూర్యుడు ఆడదట

నూట ఎనభై ఆరు రోజులు పోయాయి. అది మింగుడుపడక నిద్ర రావడం లేదు.

మొన్న ఆయన కంటి ఆపరేషన్ కదా. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి, సాయంత్రం ఇంటికొచ్చి, గంట గంటకీ చుక్కల మందు వేస్తూ కూర్చున్నాను. జర్మన్ యాప్ సంగతే తట్టలేదు. నిన్న తెరిస్తే, వరసగా ఎన్ని రోజులు పాఠం చేశానో చూపించే అంకె సున్నాకి వచ్చేసింది. మళ్లీ మొదలుపెడదామా అంటూ బొమ్మ నవ్వుతోంది. కోపమొచ్చి పాఠం చెయ్యకుండానే ఫోన్ పక్కన పడేశాను. నేర్చుకున్న మాటలు ఎక్కడికీ పోవని నాకూ తెలుసు. కానీ ఆ అంకె కోసమే రోజూ వంటిల్లు సర్దుకున్నాక కూర్చునేదాన్ని. నూరు దాటింది, నూట యాభై దాటింది అని పెద్దాడికి చెప్పుకునేదాన్ని. అలవాటు అవడానికే ఆ లెక్క పెట్టారంటాడు వాడు. సరే, అలవాటయ్యింది. ఆరు నెలలు మానకుండా వచ్చిన మనిషి ఒక్కరోజు రాకపోతే ఏదో కారణం ఉంటుందని అనుకోరా? పైగా డబ్బు కడితే పోయిన రోజులు తిరిగిస్తుందట. హాజరు కొనుక్కోవడం ఏ బడిలోనైనా ఉందా?

ఆ కోపంతోనే ఇవాళ కూర్చుంటే సూర్యుడి దగ్గర తప్పు పోయింది. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ ముందు దేర్ అనో, దీ అనో, దస్ అనో ఉంటుంది. పుంలింగం, స్త్రీలింగం, నపుంసకం. సూర్యుణ్ణి జొన్నె అంటారు. మన జొన్నలు గుర్తొచ్చి ఆ మాట మొదటిరోజే పట్టుబడింది. సూర్యుడు కదా, చివర 'డు' ఉంది కదా అని 'దేర్' నొక్కాను. ఎర్ర గీత. మళ్లీ అడిగితే మళ్లీ దేర్. మళ్లీ ఎర్ర గీత. దీ జొన్నె అట. సూర్యుడు ఆడది. ఎందుకో ఒక్క ముక్క చెప్పదు.

అప్పుడు గుర్తొచ్చారు తెనాలి హిందీ మాస్టారు. ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష, మూడు పరీక్షలూ ఆయన అరుగు మీద చదివినవే. హిందీ ప్రచార సభను 1918లో మద్రాసులో గాంధీగారు పెట్టారని చెప్పిగానీ మొదటి పాఠం ఎత్తుకునేవారు కాదు. ఒకరోజు పెరుగు పుల్లగా ఉందనడానికి నేను 'దహీ ఖట్టీ హై' అన్నాను. మనకి పెరుగంటే పెరుగే, దానికి ఆడా మగా ఏమిటి? ఆయన పుస్తకం మూసి 'ఖట్టా' అని పదిసార్లు అనిపించారు. ఇప్పటికీ పాలు తోడు పెడుతుంటే పెరుగు పుంలింగమని గుర్తొస్తుంది. రాత్రిళ్లు రేడియో బయటపెట్టి హిందీ వార్తలు వినిపించేవారు. అర్థమైన మాటలు నోటుపుస్తకంలో రాసుకోవాలి. నాకు ప్రధానమంత్రి, సర్కార్, బారిష్ తప్ప ఏమీ దొరికేవి కావు. ఒక మాట ఏమిటా అని ఆలోచిస్తుంటే పది మాటలు వెళ్లిపోయేవి. చదివేవాళ్లు ఆగరు, వెనక్కి రారు. 'పోయింది పోనీ, వచ్చేది పట్టుకోండి' అనేవారు మాస్టారు.

ఇంతవరకు రాసి చదువుకుంటే మాస్టారు మంచివారు, యాప్ చెడ్డది అన్నట్టుంది. అలా అనడం న్యాయం కాదు. దహీ పుంలింగం ఎందుకైందో ఆయనా చెప్పలేదు. అడిగితే 'అదంతే, బట్టీ పట్టు' అనేవారు. ఈ ఫోన్ ఒకే వాక్యాన్ని నలభైసార్లు వినిపిస్తుంది, నెమ్మదిగా కావాలంటే నెమ్మదిగా. పచ్చరంగుని జర్మన్‌లో 'గ్రూన్' అంటారు గానీ ఆ ఊ మన ఊ కాదు. పెదవులు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల ఈ అనాలి. అది పట్టుబడటానికి నాకు వారం పట్టింది. ఒక్క అచ్చు కోసం వారం రోజులు నా ఎదురుగా ఎవరు కూర్చుంటారు? పైగా మర్చిపోయే వేళకి పాత మాటని మళ్లీ ముందుకి తెస్తుంది. ఎబ్బింగ్‌హాస్ అని ఒక జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతామో లెక్కగట్టి 1885లోనే పుస్తకం రాశాడట. పెద్దాడు చెప్పాడు.

అయినా కారణం తెలిస్తే ఆ రుచే వేరు. అమ్మాయిని 'మేడ్‌షెన్' అంటారు, అది నపుంసకం. యాప్ దానికీ ఎర్ర గీతే వేసింది. ఆదివారం వీడియో క్లాసులో టీచరుగారు చెప్పారు, ముద్దుగా చిన్నది చేసి చెప్పే ఆ 'షెన్' చివర చేరితే ఏ మాటైనా దస్సే అని. వెంటనే తట్టింది. మనం 'అమ్మాయి వచ్చింది' అంటాం, 'కుక్క వచ్చింది' అంటాం. 'వచ్చాడు' మగవాడికే. తెలుగువాళ్లకి ఇందులో వింతేముంది! పైకే అనేశాను. మైకు మూసి ఉంది, ఎవరికీ వినబడలేదు. అరుగు మీదైతే పక్కనున్న పిల్లకైనా చెప్పేదాన్ని.

మాస్టారి దగ్గర చదివేటప్పుడు నాకు కామెర్లొచ్చి మానేస్తే, మూడోరోజు వాళ్లమ్మాయిని మా ఇంటికి పంపారు, ఎందుకు రావడం లేదో కనుక్కురమ్మని. నిన్న ఆ సున్నా చూసినప్పటినుంచి ఆ పిల్ల మా గుమ్మంలో నిలబడటమే కళ్లముందు ఉంది.

రాత్రి కాల్‌లో మనవరాలు ఫోన్ కిటికీ వైపు తిప్పి ఎండ చూపించింది. అక్కడ ఇంకా సాయంత్రం కాబోలు. 'దేర్ జొన్నె' అన్నాను, నోరు అలా అలవాటైపోయి. 'నైన్, నాన్నమ్మా! దీ!' అని, కాదంటూ వేలు ఊపింది. మరి చందమామో అని అడిగితే, 'దేర్ మోంట్' అంది. మామే కదా, మరి.

ఆయనకి పదకొండింటి చుక్కలు వెయ్యాలి. యాప్‌లో ఇవాళ్టి అంకె ఒకటి.